నాలుగు మడతల ఆకు

"పెట్టెల ఆకు నువ్వేసినవా బిడ్డా?"

"నేనెయ్యలే అవ్వా."

"సరే తియ్యి. ఎండల నిలవడకు, కాళ్ళు కాల్తయ్. ఇంట్లకు పో."

మా అవ్వకూ, అంటే మా నాయిన తల్లికీ, నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆమె బట్టల మూట చంకన పెట్టుకుని, మేడ్చల్ రోడ్డు దాకా నడిచి, శామీర్‌పేట దిక్కు పోయే ఎడ్లబండి ఎక్కింది. మళ్ళీ రాలేదు.

ఇన్నేళ్ళు నా గొంతులోనే ఉండిపోయిన ఈ మాటలను ఒక చిట్టి కప్పు కాఫీ బయటికి లాగింది. మా ఆయన పోయిన మరుసటి ఏడు నేను గుండ్లపోచంపల్లిలో కాఫీ గింజలు వేయించే గోదాములో పనికి కుదిరాను. విశాఖ కొండల మీద చెట్లు పెంచుకునేవాళ్ళ దగ్గర, వాళ్ళ చాకిరీకి న్యాయమైన ధర ఇచ్చి కొన్న పచ్చి గింజలు బస్తాల్లో మా దగ్గరికి వస్తాయి. మేము పుచ్చులు, నల్లబడ్డవి, విరిగినవి ఏరి అవతల పడేస్తాం. వేయించిన రోజు గోదాము నడిపే మేడం అందరికీ రుచి చూపిస్తారు. మిషిన్ బుస్సుమంటుంటే, కాఫీ తేనెలా సన్నటి ధారగా కప్పులోకి దిగుతుంది, పైన బెల్లం పాకం రంగు నురగ. పాలు లేవు, చక్కెర లేదు. మొదటిసారి తాగినప్పుడు ముఖం ముడుచుకున్నాను కానీ, చేదు దిగిపోయాక నాలుక చివర ఒక పులుపు నిలబడింది. ఎట్లా ఉందని మేడం అడిగితే, "పచ్చి అంగూర్ లెక్కున్నది మేడం" అన్నాను. అందరూ నవ్వారు. మేడం మాత్రం తన చేతిలో కాగితం తిప్పి, తానూ అదే రాసుకున్నానని చూపించారు.

ఆ కాఫీ ఎవరెవరి చేతుల మీదుగా వస్తుందో తాగేవాళ్ళకు తెలియాలని మేడం ఒక చిన్న పుస్తకం వేయిస్తున్నారు. కొంపల్లి దుకాణంలో బల్లల మీద పెడతారట. నన్ను నా చిన్నతనం చెప్పమన్నారు. నా పేరు రాయడం తప్ప నాకు చదువు రాదు. అందుకని నేను చెబుతున్నాను, మా చెల్లెలి బిడ్డ స్వప్న రాస్తోంది. నా మాటలను పుస్తకం భాషలోకి మారుస్తానంది. భాష మార్చుకో, సంగతి మార్చకు అన్నాను.

మీరిప్పుడు కార్లు పెట్టుకునే జాగాల్లో అప్పుడంతా అంగూర్ తోటలే, పుస్తకం భాషలో ద్రాక్ష. రాతి స్తంభాలు పాతి, వాటి మీద తీగలు లాగి, ఆ తీగల మీద పందిరి అల్లేవాళ్ళు. లోపలికి పోతే మిట్టమధ్యాహ్నం కూడా ఆకుపచ్చటి చీకటి, తడి మట్టి వాసన, తలకు తగిలే గుత్తులు, చెవి పక్కనే కందిరీగల రొద. వానలు వెనకబట్టాక కొమ్మలు కత్తిరిస్తే పందిరి మొత్తం ఎముకల గూడులా ఉండేది. బతుకమ్మ పండుగకు పక్కింటివాళ్ళు తీపి మలీద ముద్దలు పంచే నాటికి చిగురు పగిలేది. తెగులు పట్టకుండా మైలుతుత్తం నీళ్ళు కొట్టినన్నాళ్ళు మా నాయిన చేతులు, పంచె, చివరికి అన్నం ముద్ద కూడా నీలంగా కనబడేవి. క్రిస్మస్‌కు అమ్మ గారెలు కాల్చి, కొత్త గౌను తొడిగి, చర్చి నుంచి రాగానే అదే గౌను విప్పించి తోటకు తోలేది, ఎందుకంటే అప్పుడే గుత్తులు పలుచన చెయ్యాలి. చిన్న కత్తెరతో, గుత్తి లోపల ఇరుక్కున్న కాయలను ఒక్కొక్కటే కత్తిరించి తీసేస్తే మిగిలినవి వేలెడంత పొడుగు సాగుతాయి. చిన్న చేతులైతే లోపలికి బాగా దూరుతాయని పిల్లలకే ఆ పని. ఆడుకున్నామా అంటే ఆడుకున్నాం. తీగలు పట్టుకుని ఊగాం, చిలకలను తరిమే డబ్బాలు కొట్టుకుంటూ చిందులేశాం, గచ్చకాయలాడి మేస్త్రితో తిట్లు తిన్నాం. కానీ అది పని. ఆట మధ్యలో దొరికేది, పని రోజంతా ఉండేది.

మా అవ్వను ఊరంతా ఎల్లవ్వ అనేవాళ్ళు. బాప్తిస్మంలో రూతమ్మ అని పెట్టినా ఆ పేరుతో పిలిచింది పాస్టరుగారొక్కరే. ఎండలు ముదిరి పండు కోతకు వచ్చాక పెట్టెలు నింపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. గుత్తిని కాడ పట్టుకునే ఎత్తాలి, పండు మీద సన్నటి బూడిద ఉంటుంది, వేలు తగిలితే పోతుంది, పోతే బజారులో పాతబడిన పండంటారు. అవ్వ నింపిన పెట్టెలో ఒక్క వేలి ముద్ర ఉండేది కాదు. చెక్క పెట్టెలో ఎండు గడ్డి పరిచి, మొదటి గుత్తి పెట్టబోయే ముందు, చూరులో రెండు రోజులు ఆరబెట్టిన అంగూర్ ఆకు ఒకటి నాలుగు మడతలు వేసి అడుగున పెట్టేది. ఎందుకవ్వా అని అడిగితే, పెట్టె మీద అచ్చేసిన తోట యజమాని పేరు చూపించి ఒక్క మాట చెప్పింది.

"మీద పటేల్ పేరున్నది గదా. కింద నాది."

ఆ మాట నా నెత్తికెక్కింది. నాకూ ఒక పేరు కావాలనిపించింది. ఒక పొద్దున అవ్వ నీళ్ళు తాగడానికి లేచినప్పుడు, ఆమె నింపబోయే పెట్టెలో నేనొక ఆకు పెట్టి గడ్డి కప్పాను. ఆరిన ఆకు కాదు, అప్పుడే తెంపినది, దాని మీద నీటి చుక్కలు కూడా ఉన్నాయి. నాలుగో మడత నాకు నిలవలేదు, మూడే వేశాను. తడి ఆకు పెట్టకూడదని అవ్వ వందసార్లు చెప్పి ఉంటుంది.

నాలుగు రోజులకు ఆ పెట్టె పట్నం బజారు నుంచి తిరిగొచ్చింది. మేస్త్రి దాన్ని షెడ్డు నడుమ బోర్లించాడు. బూజు, పులిసిన వాసన, గడ్డి కింద నల్లబడిన ఆకు. "ఏం ఎల్లవ్వా, అంగూర్ పంపుతున్నవా, ఆకుకూర పంపుతున్నవా?" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. నేను బల్ల కింద కూర్చుని రాలిన పండ్లు ఏరుతున్నాను. అవ్వ ఆ ఆకు చేతిలోకి తీసుకుని మెల్లగా విప్పింది. మూడు మడతలు. ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగడం నేను బల్ల కింద నుంచి చూశాను.

"గీ ఆకెవ్వరిది?" అని మేస్త్రి మళ్ళీ అడిగాడు.

"నాదే" అంది మా అవ్వ.

ఇక పెట్టెల దగ్గరికి రావద్దన్నారు. ఎరువు గంపలు మోయమన్నారు. ఆమె మోకాళ్ళతో అది అయ్యే పని కాదు. శామీర్‌పేట అవతల తన చెల్లెలుండే ఊళ్ళో తోట పని దొరుకుతుందేమోనని మూట కట్టుకుంది. బండికి పోతూ పోతూ ఇంటి ముందు ఆగి నన్ను అడిగిన మాట మొదట్లోనే చెప్పాను. తొలి వానలకు జ్వరమొచ్చి పోయింది. కబురు అంది మేము చేరేసరికి మట్టి కూడా చేసేశారు.

చర్చిలో ఎన్నోసార్లు నిలబడి సాక్ష్యం చెప్పాను. నా నోటి దురుసు ఒప్పుకున్నాను, తోడికోడలి మీద కుళ్ళు ఒప్పుకున్నాను, మా ఆయనతో ఆడిన అబద్ధాలు ఒప్పుకున్నాను. ఈ ఆకు సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

మా గోదాములో ఏరిన ప్రతి బస్తానూ ఏరినవాళ్ళే కుడతారు, దానికి వాళ్ళ పేరు రాసిన చీటీ కడతారు. పోయిన నెల ఒక బస్తా గింజలు వేయిస్తే కప్పు పులిసిన కంపు కొట్టింది. ఒక్క కుళ్ళిన గింజ చాలు. చీటీ ఊడిపోయింది. నా పక్కన కొత్తగా చేరిన పిల్లనే అందరూ చూశారు, ఆమె తల వంచుకుంది. నేను బస్తా కుట్టు చూశాను, నా కుట్టే. "నాదే మేడం" అన్నాను. మేడం తిట్టలేదు, కళ్ళద్దాలు మార్చుకోమన్నారు. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకు చాటలో గింజలు కనబడలేదు. ఎంత చిన్న మాట అది!

ఆ తర్వాతి వారమే కొండల మీద నుంచి కాఫీ పండించేవాళ్ళు కొందరు, తమ గింజ ఏమవుతుందో చూడడానికి వచ్చారు. కొండమ్మ అని ఒకామె, నా ఈడుది, ప్యాకెట్ మీద తన పేరు ఎక్కడుందో అడిగి, అక్కడ వేలు పెట్టి చాలాసేపు రుద్దింది. ఆమెకూ చదువు రాదు. తమ కాఫీని అట్లా కప్పులో తాగడం ఆమెకు అదే మొదలట. తాగి, ముఖం నాకంటే ఎక్కువ ముడిచి, చెట్టు మీది పండే దీనికంటే తియ్యగా ఉంటుందని చెప్పి అందరినీ నవ్వించింది. ఆమె వేలి కింద ఉన్న పేరు చూస్తుంటే, మా అవ్వ ఆకు పట్నంలో ఎవరు విప్పి ఉంటారా, విప్పినవాళ్ళకు అది పేరని తెలిసి ఉంటుందా అనిపించింది.

ఇప్పుడు ఆ తోట లేదు. తీగలు పీకేశారు, బోర్లు ఎండాయి, పటేల్ కొడుకులు ప్లాట్లు చేశారు. రాతి స్తంభాలు కొన్ని ప్రహరీల్లో కలిశాయి. మేము పెట్టెలు నింపిన షెడ్డు ఉన్నచోట విల్లాల గేటుంది, దాని మీద అంగూర్ గుత్తి బొమ్మ చెక్కారు. గుత్తిని పట్టుకున్న చెయ్యి చెక్కలేదు.

ఇదంతా వింటూ స్వప్న మధ్యలో కలం ఆపి, "పెద్దమ్మా, కాఫీ పుస్తకంల గిదంత ఎందుకు? మంచిగ రెండు ముచ్చట్లు చెప్పరాదు" అంది. ఇదే చెబుతానన్నాను. ఇందాక నేను ఆకు పెట్టానని చెప్పిన చోట స్వప్న తనంతట తాను 'తెలియక' అని రాసిందట, నాకు అనుమానమొచ్చి అడిగితే చెప్పింది.

"తెల్వక గాదు. తెలిసే వెట్టిన. గా మాట కొట్టెయ్."

కొట్టేసింది. పుస్తకంలో నా ఫొటో కింద నా పేరు సువార్త అని వేస్తారట. వేసుకోనీ. దాని కింద ఎల్లవ్వ అని కూడా వెయ్యాలని మేడంకు చెప్పాను, వెయ్యకపోతే నా ఫొటో కూడా వద్దన్నాను. చదువు వచ్చినవాళ్ళు ఎవరైనా దీన్ని చదివి, ఆ ఆకు ఎవరిదని అడిగితే, నాదే. మా అవ్వది కాదు.

ఇగ మొదటి సంది చదువు స్వప్నా. నేను చెప్పిందే ఉన్నదా వింట. అవ్వ అడిగిన కాడ జల్దీ జల్దీ పోకు, జర నిదానంగ చదువు.