పడుగు పరిచిన విమానాల బయలు

ఈ ఉదయం విమానాల బయలు పక్కగా పోతుంటే పట్టుకు పెట్టిన గంజి వాసన ముక్కుకు తగిలింది. చెప్పులు విడిచి నిలబడిపోయాను. వెంట ఉన్న నా కోడలు నవ్వింది. నవ్వనీ, దానికి నరసమ్మత్త తెలీదు.

యాభైల్లో నేను ధర్మవరానికి కాపురానికి వచ్చేనాటికి ఆమె సొంత మగ్గాలు పెట్టి నేయిస్తుండేది. నాకు చుట్టం కాదు, పని నేర్పిన మనిషి. అంతకు ముందు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి ఊరి బయట రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక విమానాలు రాలేదు. ఆ చదునైన నేల మీద మేము పడుగు దారాలను బారుగా సాగదీసి గంజి పెట్టుకునేవాళ్లం. ఆ రన్‌వే వేసేటప్పుడే రోలర్ కింద పడి అత్త మొగుడు పోయాడు. పని మొదలుపెట్టే ముందు ఆమె ఆ నేలను తాకి కళ్లకద్దుకునేది. "మీ మామకు వేరే గుర్తేం లేదే అమ్మీ, ఇదే," అని ఒక్కసారి అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అరవైల్లో ఊరు పెరిగింది. ఆ బయలును ఇళ్ల స్థలాలుగా కోయడానికి సర్వేయరు హద్దులకు పాతే గూటాలు తెచ్చాడు. ఆ ఉదయం అత్త పడుగును ఎప్పటిలా నిలువుగా కాక, బయలుకు అడ్డంగా పరిచింది. పరిచిన పడుగును దాటడమంటే మాకు లక్ష్మిని తొక్కినట్టే. కొలత గొలుసు పట్టిన కూలీలూ మా ఊరివాళ్లే, ఒక్కడూ కాలెత్తలేదు.

"ఎప్పుడు తీస్తావవ్వా?" అన్నాడు సర్వేయరు.

"ఆరినాక తీస్తాలేప్పా."

"మరి రేపు?"

"రేపు ఇంకోటి ఉండాది."

రోజుకొకరి పడుగు అడ్డంగా ఉండేలా మగ్గాలవాళ్లందరం వంతులు వేసుకున్నాం. అతను కసిరాడు, బతిమాలాడు, చివరికి గూటాలు బండికెత్తుకుని పోయాడు. నా సంబరం చూసి అత్త, "మళ్లా వస్తారే. అప్పటికి నేనుండను, నువ్వుంటావు," అంది.

మరుసటి ఏడు జ్వరం ఆమెను తీసుకుపోయింది. శ్మశానానికి దగ్గరి దారి ఆ బయలు మీదుగానే. ఆ రోజు అక్కడ ఎవరిదో పడుగు ఆరుతోంది. తీసేస్తామని వాళ్లు పరుగెత్తుకొచ్చారు. "వద్దప్పా, తడి ఆరలేదు. అత్త ఒప్పుకోదు," అన్నారు పాడె మోసేవాళ్లు. చుట్టూ తిరిగి తీసుకుపోయారు. అంతవరకూ బిగబట్టుకున్న నేను అప్పుడు బావురుమన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడే గూటాల బండి మళ్లీ వచ్చింది. "అవ్వ పోయిందంట కదమ్మా," అన్నాడు సర్వేయరు మెల్లగా.

"పోయిందన్నా," అన్నాను. వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నాను. పడుగు కొస పట్టుకుని, ఆయన కాళ్ల ముందు నుంచి అడ్డంగా లాక్కుంటూ నడిచాను.