కారణం గడిలో రాసిన మాట

మొన్న గొర్రెల కాపరి ఒకాయన తొలకరికి తడిసిన గొంగడి కప్పుకుని, కూతురిని బడిలో చేర్పించడానికి మా ఆఫీసు గదిలోకి వచ్చాడు. తడి ఉన్ని వాసన గదంతా నిండింది. పక్కనున్న టీచర్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ తెరిచింది. నేను ఫారం ముందు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ వాసన తగిలితే నాకు బాలస్వామి సార్ గుర్తొస్తారు. ఆయనతో పాటు నేను చేసిన ఒక తప్పూ గుర్తొస్తుంది.

మాది చిట్యాల దగ్గర పల్లె. తెలంగాణ వచ్చాక ఉద్యోగం దొరికింది పాలమూరు వైపు, జడ్చర్ల నుంచి ఇంకా లోపలికి పోవలసిన ఒక ఊళ్లో. బాలస్వామి సార్ అక్కడ హెడ్మాస్టర్. దొర దగ్గర జీతమున్న పాలేరు కొడుకు. వాళ్లింట్లో బడి గడప తొక్కిన మొదటివాడు. అలాంటాయన బడినే తప్పుపడుతుంటే నాకు ఒళ్లు మండేది. "పిల్లలందర్నీ తెచ్చి కూసోవెట్టాలని చట్టం చేసిండ్రు. గాళ్లకు ఏమొచ్చో అడగాలని ఎవలన్న చట్టం చేసిండ్రా?" అనేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "బడే లేకపోతే మీరు సార్ అయ్యేటోళ్లా?"

ఆయనకు కోపం రాలేదు. "అయ్యేటోన్ని కాదు బిడ్డా. బడి నన్ను ఒడ్డుకేసింది. కానీ నాతోని కూసున్నోళ్లు శానమంది మేం మొద్దులమనుకుంటనే బతికిండ్రు. గా మాట గాళ్లకు నేర్పింది గూడ బడే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కొత్త ఉద్యోగం, ఊరినంతా ఉద్ధరించేస్తానన్న పొగరు.

ఆ ఏడు పిల్లలను బడిలో చేర్పించడానికి ఇల్లిల్లూ తిరుగుతుంటే ఎల్లవ్వ దొరికింది. పన్నెండేళ్ల పిల్ల, తండ్రి బీరయ్యతో గొర్రెల మంద వెంట తిరిగేది. "మంద ఎంబడి పొయ్యే పిల్ల, గిప్పుడేం సదువుతది మేడం?" అన్నాడు బీరయ్య. "పంపకపోతే రేషన్ కార్డు తీసేస్తరు" అన్నాను. అలాంటి రూలేదీ లేదు. నోటికొచ్చిన అబద్ధం. ఆయన చేతులు జోడించాడు, మర్నాడే పిల్లను పంపాడు. వయసును బట్టి ఏడో తరగతిలో కూర్చోబెట్టాం. అక్షరాలు రావు. అయినా రోజూ నిలబెట్టి పాఠం చదవమనేదాన్ని, సిగ్గుపడైనా నేర్చుకుంటుందని. పిల్లలు నవ్వేవారు. దసరా నాటికి ఎల్లవ్వ అన్నం దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడడం మానేసింది.

ఒక సాయంత్రం సార్ నన్ను బీరయ్య గొర్రెల దొడ్డికి తీసుకెళ్లారు. మేతకు పోయిన మంద అప్పుడే తిరిగొచ్చింది. గంపల కింద మూసిన గొర్రెపిల్లలను వదిలారు. తల్లులు, పిల్లలు అన్నీ ఒక్కసారే అరుస్తున్నాయి. ఆ గోలలో ఎల్లవ్వ ఒక్కో పిల్లను ఎత్తి దాని తల్లి దగ్గర వదులుతోంది. "గిది నల్లచెవిదాని పిల్ల, గిది కుంటిదాని పిల్ల" అని గలగలా చెప్తోంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నేనూ ఒకదాన్ని ఎత్తి ఒక గొర్రె దగ్గర వదిలితే, అది తలతో పొడిచి తోసేసింది. "గది దాని తల్లి గాదు మేడం, గిట్లియ్యి" అని ఎల్లవ్వ మెల్లగా నా చేతుల్లోంచి తీసుకుంది. తిరిగి వస్తుంటే సార్ ఒక్కటే అడిగారు. "నీకు రాలేదని గా పిల్ల నవ్విందా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపటి నుంచి విడిగా కూర్చోబెట్టుకుని ఓపికగా అక్షరాలు నేర్పుదామనుకున్నాను. మర్నాడు ఎల్లవ్వ రాలేదు, బీరయ్య వచ్చాడు. మందను మేతకు కృష్ణా నది వైపు తోలుకుపోతున్నామన్నాడు. "కార్డు తీసేస్తే తియ్యుండ్రి మేడం. పిల్ల నవ్వుతలేదు" అన్నాడు. అలాంటి రూలు లేదని అప్పుడైనా చెప్పలేకపోయాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

కొన్నాళ్లకు రిజిస్టర్‌లో ఎల్లవ్వ పేరు కొట్టేయాల్సి వచ్చింది. కారణం గడిలో అందరం రాసేది ఒకటే: చదువుపై ఆసక్తి లేదు. నేనూ అదే రాశాను. సార్ చూసి, "ఎవలికి లేదు బిడ్డా?" అన్నారు. ఆ మాట కొట్టేసి పెన్ను నా చేతిలో పెట్టారు. "నిజం రాయి." కళ్లల్లో నీళ్లు తిరిగి గడి కనిపించలేదు. "మేము నేర్పలేకపోయాము" అని రాశాను. కింద ఆయన సంతకం చేశారు. ఎల్లవ్వ మళ్లీ ఆ బడికి రాలేదు. సార్ కూడా పోయి రెండేళ్లయింది.

మొన్న ఆ గొంగడి ఆయన పక్కన నిలబడ్డ పిల్లను, ఫారం పక్కకు జరిపి, సార్ అడగాలన్నదే అడిగాను. "నీకు ఏమేమొస్తయ్ బిడ్డా?"

తండ్రి వైపు చూసి తల దించుకుంది. "నాకేం రాదు మేడం."

ఇంకా బడిలో పేరైనా ఎక్కలేదు, నాకేం రాదనే మా బడి పాఠం అప్పుడే వచ్చేసింది.

"మీ మందల ఏ పిల్ల ఏ గొర్రెదో గుర్తువడతవా?"

మెల్లగా తలెత్తింది. ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. అవి రాయడానికి ఫారంలో గడి లేదు. కాగితం తిప్పి, వెనక వైపు రాసుకున్నాను.