షాలిమార్ బాన్, అత్త ఇంట్లో అనకూడని మాట

మా అత్త పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, నేను నా ఉద్యోగం మానేస్తేనే తను కంటి ఆపరేషన్ చేయించుకుంటానని చెప్పి పెట్టేసింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, ఇక ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పాడు. అత్త నాన్నకు అక్క. హౌరాలో షాలిమార్ గూడ్స్ యార్డు వెనక రైల్వే క్వార్టర్లలో నన్ను పెంచింది ఆవిడే. నా చిన్నతనంలోనే మావయ్య ఆ యార్డులో కరెంటు తీగ తగిలి పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరమూ ‘షాకు’ అనం. అనాల్సివస్తే ‘ఆ మాట’ అంటాం. నా ఉద్యోగమేమో అంతరిక్షంలోని ప్లాస్మా షాక్ తరంగాల దగ్గర ఎలక్ట్రాన్లు ఎలా వేడెక్కుతాయో లెక్కగట్టడం. ఇంట్లో అందరికీ అది ‘ఆకాశం పని’. చర్చిలో ఎవరో పుణ్యాత్ములు నా ప్రసంగం వీడియో వినిపించారట. అందులో అత్తకు అర్థమైనవి షాకు, ఎలక్ట్రాన్, వేడి. ఇంకేం కావాలి?

న్యూ టౌన్ నుంచి పొద్దున్నే బయల్దేరాను. సెక్టర్ ఫైవ్ దాకా క్యాబ్, అక్కణ్నుంచి హౌరా మైదాన్‌కు మెట్రో. ముప్పై రూపాయల టికెట్టుతో అరగంట ప్రయాణం. నది కింద సొరంగంలో నీలం లైట్లు వెలిగే చోట పిల్లలంతా కిటికీలకు అతుక్కుపోయారు. నాకు మాత్రం పాత లాంచీ గుర్తొచ్చింది. అత్త నా జడ గట్టిగా పట్టుకుని, వేరుశనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి, చల్లగాలిలో నది దాటించేది. హౌరా మైదాన్ దగ్గర షాలిమార్‌కు టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కాను. ఇవాళ అమావాస్య, మధ్యాహ్నం పెద్ద బాన్ వస్తుంది, రేవు మెట్లు దిగొద్దు దీదీ అని డ్రైవరు హెచ్చరించాడు. సముద్రపు పోటు నదికి ఎదురెక్కి గోడలా వచ్చే అలను ఇక్కడ బాన్ అంటారు. ఎన్నేళ్లయింది ఆ మాట విని! టోటో దిగేలోపు అత్తతో ఏం మాట్లాడాలో నాకు తెలిసిపోయింది.

అత్త తలుపు తీసి, నా మొహం చేత్తో తడిమి చూసి, అన్నం పెట్టింది. చింతపండు పులుసు, వేపిన బెత్తళ్ల చేపలు. కోపంగా ఉన్నప్పుడే అత్త వంట అద్భుతంగా ఉంటుంది. తిన్నాక, బాన్ చూద్దాం రమ్మన్నాను. కళ్లు కనపడని ముసలిదానికి బాన్ ఏటని గొణుక్కుంటూనే చెప్పులేసుకుంది.

రేవు పై మెట్టు మీద కూర్చున్నాం. అందరికంటే ముందు అత్తే విన్నది. “వొత్తంది” అని నా చెయ్యి నొక్కింది. తర్వాత కింది వైపు నుంచి పడవలవాళ్ల కేకలు, ఆ వెనకే తెల్లటి నురగ అంచు. అప్పటిదాకా నీటి మీద బారులు తీరి తీరిగ్గా వెళుతున్న గుర్రపుడెక్క, అల తాకగానే చెదిరి తలో దిక్కూ ఊగిపోయింది.

అప్పుడు చెప్పాను. సూర్యుడి నుంచి విద్యుత్ నిండిన కణాల గాలి ఎప్పుడూ వీస్తుంటుందనీ, భూమి చుట్టూ ఉన్న అయస్కాంత శక్తి ఆ గాలికి అడ్డుపడిన చోట ఇలాంటి బానే నిలబడి ఉంటుందనీ, మనం ఇంట్లో అనని ఆ మాటకు నా పనిలో అర్థం అదేననీ, అక్కడ గాలి తగ్గించుకున్న వేగమే వేడి అవుతుందనీ. వరసగా వచ్చిన కణాలు ఈ గుర్రపుడెక్కలా తలో దిక్కూ ఊగడమే ఆ వేడి. బరువైన కణాలు ఎక్కువ వాటా తీసుకుంటాయి, మిగిలింది ఎలక్ట్రాన్లకు. చిత్రమేమిటంటే అక్కడ కణాలు ఒకదాన్నొకటి దాదాపు గుద్దుకోవు.

“తగలకుండా ఏడెక్కడమేటే?” అంది అత్త.

“ఈ డెక్క మొక్కలు మాత్రం ఒకదాన్నొకటి తగిలాయా అత్తా? నీళ్లే ఊపాయి. అక్కడ నీళ్ల బదులు విద్యుత్ క్షేత్రం లాగుతుంది, చిన్న చిన్న అలలు చెదరగొడతాయి. ఎంత లాగుతుందో, ఎంత చెదరగొడుతుందో కనిపెట్టడమే నా పని.”

“అది నిన్ను కొట్టదా?”

“అక్కడుండేది ఉపగ్రహం. నేను ఇలా గట్టు మీద కూర్చుని చూస్తాను.”

అత్త నీళ్ల చప్పుడు వైపు తల తిప్పింది.

“మీ మావయ్యకి గట్టు నేకపోయింది” అంది. నాకు ఏడుపు ఆగలేదు. అత్త కొంగుతో నా మొహం తుడిచి, “డాక్టరుకి ఫోన్ సెయ్యి. వొచ్చే పున్నానికి నాను బాన్‌ని కళ్లతో సూడాల” అంది.

తిరుగు మెట్రోలో అనుకున్నాను, ఇన్నేళ్లూ ఆ మాటకు భయపడి మా ఇంట్లో నా బతుకులో సగం ఎవరికీ తెలియకుండా పోయిందని. దాని బదులు చెప్పడానికి బాన్ అనే పాత మాట టోటో డ్రైవరు నోట దొరికింది. అమావాస్యకో పున్నమికో మీరూ ఆ రేవుకు వెళ్లండి. బాన్ వచ్చే వేళ రేవులో పడవలవాళ్లను అడిగితే చెబుతారు. ఒక్కటే జాగ్రత్త: పై మెట్టు దిగకండి. అన్నట్టు, రేవు నుంచి లేచేటప్పుడు అత్త అడిగింది, ఆ ఉపగ్రహాన్ని కూడా కాస్త పై మెట్టు మీద ఉంచకూడదా అని.