ఎడమకు తిరిగిన నిచ్చెన

మా కాలేజీ పాత విద్యార్థులు ఒక సంచిక వేస్తున్నారు. మా డిమాన్‌స్ట్రేటరు గారి గురించి నన్ను రాయమన్నారు. శీర్షిక కూడా వాళ్లే పెట్టి పంపారు: "ఎడమ మెలికను ముందే ఊహించిన మా సారు". అది చదివిన పూట నుంచి నాకు అన్నం సహించడం లేదు. సారు ఏమీ ఊహించలేదు. ఆ మెలిక తిప్పిన చెయ్యి నాది.

ప్రతి కణంలోనూ ఉండే డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన లాంటిదని ఇప్పుడు కాలేజీ పిల్లలందరికీ తెలుసు. అటొక పేట, ఇటొక పేట, మధ్యలో మెట్లు. ఆ మెలిక మామూలు మరమేకుకు ఉన్నట్టే కుడివైపు ఎక్కుతుంది. ఈమధ్య విదేశాల్లో ఎడమవైపు ఎక్కే డి.ఎన్.ఏ.ను కూడా కనిపెట్టారు. ఆ వార్త పేపర్లో పడగానే మావాళ్లకు యాభైల చివర్లో కర్నూలులో మా ప్రయోగశాల బల్ల మీద నిలబడిన మోడలు గుర్తొచ్చింది. అదీ ఎడమకే తిరిగి ఉండింది. ఆనాడు దాన్ని చూసి నవ్విన వాళ్లే ఈనాడు సారుకు శాలువా కప్పుదామంటున్నారు.

జరిగింది ఇది.

సారు మద్రాసులో చదివి మా కాలేజీకి కొత్తగా వచ్చారు. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. ఆ ఏడు కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టారు, చూడడానికి మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు గారు వస్తున్నారని చెప్పారు. సారు పని ఖాయం చేయాలా వద్దా అన్నది ఆయన చెప్పే మాట మీద ఆధారపడి ఉందని ల్యాబులో అటెండరుతో సహా అందరికీ తెలుసు. కప్పల ఎముకలూ, సీసాల్లో పాములూ పెట్టడం సారుకు ఇష్టం లేకపోయింది. మద్రాసు గ్రంథాలయంలో ఒక పత్రిక చూసి తన చేత్తో గీసుకొచ్చిన డి.ఎన్.ఏ. బొమ్మ చూపించి, దీన్ని మనిషెత్తున కట్టాలన్నారు.

"ఎవురు కడతారప్పా?" అని క్లాసులో అడిగారు.

మాది కోడుమూరు. ఇంట్లో మగ్గం ఉంది. నూలుతో పనంటే నాకు భయం లేదు. చెయ్యెత్తాను.

ఇంటికి పోయి లావు నూలు తెచ్చాను. పోగులు కలిపి, కుడివైపు గట్టిగా పురి ఎక్కించి, వేలు లావున రెండు పేటలు చేశాను. చీపురు పుల్లలకు, ఒక్కో పుల్లకు రెండు చొప్పున, నాలుగు రంగులు జతలుగా వేసి మెట్లుగా కట్టాను. సారు ఆ రంగుల జతలు ఒక్కొక్కటే సరిచూసి ఇచ్చారు. మెలిక ఎటు తిప్పాలో కూడా స్పష్టంగా చెప్పారు. కిటికీకున్న మరమేకు మీద గోరు పెట్టి, "ఇది ఎట్ల ఎక్కుతాదో అట్లే. ముందరి పేట ఎడమ నుంచి కుడికి ఎక్కల్ల. మరిచిపోవద్దు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంగ్లీషులో చేయాల్సిన ప్రసంగం బట్టీ పట్టడానికి గదికి పోయారు.

హాస్టలు వెనక దూలానికి నిచ్చెన వేలాడదీసి, అడుగున ఇటుక కట్టాను. తిప్పి, గంజి పట్టించి, ఎండలో ఆరబెడితే బిర్రుగా నిలబడుతుంది. వంట మనిషి గంజి గిన్నె ఇస్తూ, "గంజి తాగే పిల్లోల్లను చూసినా గానీ, తాడుకు తాపేటోన్ని ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. నా గదిలో ఉండే మిత్రుడు గోడ మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏమప్పా, నిచ్చెన యాడికి?"

"ప్రొఫెసరుకు."

"ఆయన మెట్ల మీద రాడా?" అనేసి, నేను తిప్పడం మొదలుపెట్టక ముందే వాడు గోడ దిగి పోయాడు.

ఇటుకను సారు చెప్పిన వైపే తిప్పాను. చెయ్యి వదలగానే గిర్రున వెనక్కు తిరిగి విప్పుకుంది. మళ్లీ తిప్పాను, మళ్లీ విప్పుకుంది. పట్టుకునే గంజి రాస్తే తడి ఆరేదాకా పట్టుకునే ఉండాలి. పొద్దు వాలుతోంది. తెల్లవారితే ప్రదర్శన.

మా ఇళ్లలో రెండు పేటలు కలిపి పేనేటప్పుడు పేటకున్న పురికి ఎదురు తిప్పుతారు. పేట విప్పుకోవాలని చూస్తుంది, ఆ విప్పుకునే బలమే రెండింటినీ ఒకదానికొకటి బిగిస్తుంది. ఎవరూ నేర్పరు, చూసి చేస్తాం. అమ్మ అట్లే చేసేది, అవ్వ అట్లే చేసేది. నా చెయ్యి దానంతట అదే ఇటుకను ఎదురు తిప్పింది. నిచ్చెన చక్కగా మెలిపడి, ఊగకుండా, వదిలినా కదలకుండా నిలబడింది. దారం ఒప్పుకుందని ఎంత సంతోషపడ్డానో. గబగబా గంజి పూశాను.

పొద్దున అది రాయిలా గట్టిపడింది. బల్ల మీద నిలబెట్టి సారు గీసిన బొమ్మతో పోల్చాను. బొమ్మలో ముందరి పేట కుడికి ఎక్కుతోంది. నాది ఎడమకు ఎక్కుతోంది. తలకిందులు చేస్తే సరిపోతుందేమోనని తిప్పి పెట్టాను. అప్పుడూ ఎడమకే. వెనక నుంచి చూశాను. ఎడమకే. ఎటు తిప్పినా ఒకటే. విప్పుదామంటే పుల్లలు విరుగుతున్నాయి.

హాస్టలుకు మోసుకుపోయి అద్దం ముందు పెట్టాను. అద్దంలో మాత్రం సరిగ్గా కుడికి ఎక్కుతోంది. ఆ బొమ్మ చూసి ఒక ఆశ పుట్టింది. ల్యాబులో సీసాలుండే అద్దాల బీరువా ఉంది. మోడలును దాని ముందు పెడితే, చూసేవాళ్లు అద్దంలో నీడను చూస్తారని అనుకున్నాను. ఎవరైనా అలా అనుకుంటారా? నేను అనుకున్నాను. బల్లను బీరువా దగ్గరికి జరిపాను కూడా.

"ఈడికెందుకు జరిపినావు?" అని సారు అడిగారు.

"ఈడైతే వెలుతురు బాగుండాది సార్."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్తే ప్రదర్శన నుంచి మోడలు తీసేస్తారు, ప్రిన్సిపాలు కారణం అడుగుతారు, నా ఫీజు మాఫీ ఆయన చేతిలో ఉంది. మగ్గం మానిపించి నన్ను చదువుకు పంపిన నాయనకు ఏం చెప్పాలి? నోటిదాకా వచ్చింది మింగేశాను.

ప్రొఫెసరు గారు వచ్చారు. సారు ప్రసంగం మొదలుపెట్టారు. ఒక పేట ఉంటే రెండో పేట దానికి తగ్గట్టు ఎట్లా తయారవుతుందో, తల్లి పోలిక బిడ్డకు ఎట్లా వస్తుందో చెబుతూ, వేలితో కింది మెట్టు నుంచి పేట వెంబడి పైకి పోతున్నారు. మధ్యలో వేలు ఆగింది. మాట కూడా ఆగింది. ఆయన నా వైపు చూశారు. నేను బీరువా అద్దం వైపు చూశాను.

ప్రొఫెసరు గారు ముందుకు వంగారు. "ఏమండీ, దీన్ని అద్దంలో చూసి కట్టారా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "జీవం ఇటు తిరగదు కదా. ఎవరు తిప్పారు?"

సారు వేలు తీసేసి, "నేనే సార్. పొరబాటు నాదే" అన్నారు.

అంతే. ప్రొఫెసరు గారు కప్ప ఎముకల దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ రోజు సాయంత్రం సారు నన్ను పిలుస్తారని హాస్టలు గేటు దగ్గరే తచ్చాడాను. పిలవలేదు. మరునాడూ పిలవలేదు, ఆ తర్వాతా పిలవలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వరండాలో ఎదురొస్తుంటే నేను పక్క గదిలోకి దూరేవాణ్ణి. మిత్రుడికి అనుమానం వచ్చి, "నిచ్చెన కట్టినోడివి నువ్వు, తిప్పినోడు సారా?" అన్నాడొకసారి. "సారే చివర్లో తిప్పినాడు" అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం కాలేజీ అంతా తిరిగి, సారుకు కుడీ ఎడమా తెలియదన్న మాటగా మారింది. ఇది కూడా రాయాలి. నేను నోరు మూసుకోవడం ఒక్కటే కాదు, నోరు తెరిచి కూడా తప్పు చేశాను.

సారు పని ఖాయం కాలేదు. దానికి ఆ మోడలు ఒక్కటే కారణమని నేను అనలేను. కాదనీ అనలేను.

చివరి క్లాసులో ఆయన ఆర్.ఎన్.ఏ. గురించి చెప్పారు. అది డి.ఎన్.ఏ.కు చుట్టం లాంటి ఒంటిపేట పోగు. ప్రయోగాల్లో కొన్నిచోట్ల మూడు పేటలు కలిసి మెలిపడిన ఆర్.ఎన్.ఏ. కనబడిందనీ, ఒంటిపేట తనమీద తానే మడతపడి జడపిన్నులా మారగలదని కొందరు అనుకుంటున్నారనీ చెప్పారు. "మెలికకు ఒకే రూపమని ఎవురూ రాసియ్యలేదప్పా. రూపం మారితే పని మారతాది. చూస్తాండండి" అన్నారు. పురి ఎక్కువైన నూలును వదులు చేస్తే అట్లాగే తనమీద తానే చుట్టుకుంటుంది. మా ఇంట్లో పిల్లలందరికీ తెలిసిన సంగతే. లేచి ఆ మాట చెబుదామనుకున్నాను. చెబితే నూలు మాట వస్తుంది, నూలు మాట వస్తే నిచ్చెన మాట వస్తుంది. కూర్చుండిపోయాను. ఆయన కోయిలకుంట్ల హైస్కూలుకు టీచరుగా వెళ్లిపోయారు.

నేను కడపలో లెక్చరర్నయ్యాను. ఏటా ఈ పాఠం చెబుతాను. బోర్డు మీద మెలిక గీసే ముందు ఇప్పటికీ కిటికీ మరమేకు వైపు చూస్తాను. ఈ సంచిక సంగతి వచ్చాక ఇంకో భయం పట్టుకుంది. నిజం రాస్తే ఇన్నేళ్లకు సారుకు దక్కబోయే ఒకే ఒక్క గౌరవం పోతుంది. రాయకపోతే ఆయన పేరు మీద రెండో అబద్ధం నిలబడుతుంది. తేల్చుకోలేక కోయిలకుంట్ల బస్సెక్కాను.

సారు జుట్టు తెల్లబడింది. గుర్తుపట్టి, "రాప్పా, నిచ్చెనోడా" అన్నారు. నేను కూర్చోకుండానే నా తప్పంతా చెప్పేశాను, మిత్రుడితో ఆడిన అబద్ధంతో సహా.

"నువ్వే తిప్పినావని తెలుసు. నీకు గాక తాడు పేనేది ల్యాబులో ఇంకెవురికి తెలుసు? ఆ అబద్ధం మాత్రం తెలీదు" అన్నారు. నన్ను కూర్చోమని చెయ్యి చూపించారు. "ముందురోజు ఒక్కసారి వచ్చి చూసింటే సరిపోయేది. ఇంగ్లీషు బట్టీ కొడతా కూచుంటి. అది నా తప్పు. అదీ రాయి."

"సంచిక వాళ్లు మీరు ముందే ఊహించారని వేస్తారంట సార్."

"మనది ఆ ఎడమ మెలిక కాదు కదప్పా. చదివినావా లేదా?"

చదివాను. ఆ కొత్త రూపంలో పేట నున్నగా ఎక్కదు, వంకరటింకరగా పోతుంది. రెండు రకాల మెట్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే చోట, ఉప్పు ఎక్కువైనప్పుడు, అట్లా తిరుగుతుందట. కణంలో దాని పనేమిటో ఇంకా తేలలేదు. మాది వట్టి అద్దంలో బొమ్మ. తప్పు బొమ్మే.

"మరి రాయి. తప్పును ఊహ అంటే పిల్లోల్లు రేపు నమ్ముతారు." తర్వాత చిన్నగా అడిగారు. "ఒకటి చెప్పు. మరమేకు చూపిస్తి కదా. అట్ల ఎందుకు తిప్పల్యా?"

ఇన్నేళ్లుగా ఆయనకు అంతుపట్టనిది అదే. గూట్లో అంగడి పొట్లానికి కట్టిన పురికొస ఉంటే తీసుకున్నాను. ఒక కొస ఆయన చేతికిచ్చి, ఇంకో కొస నేను పట్టుకుని, కుడివైపు ఉన్న పురికి ఇంకా పురి ఎక్కించి, మధ్యలో మడిచి వదిలాను. రెండు పేటలూ గిర్రున చుట్టుకున్నాయి, ఎడమకు.

సారు దాన్ని విప్పి, మళ్లీ వదిలారు. "ప్రొఫెసరుకు గూడా తెలిసుండదు. వాళ్లింట్లో మగ్గం ల్యా" అన్నారు.

క్షమించానని ఆయన అనలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. బస్సుకు టైమైందని లేచాను. ఆయన తలెత్తకుండా, "శీర్షిక మార్పించు" అన్నారు. పురికొసను మళ్లీ మడిచి వదులుతున్నారు.