మా తాతయ్య వేసిన కుర్చీ

నా చిన్నప్పుడు మా ఊళ్లో సర్కారు అంటే ఇద్దరే. శిస్తు వసూలు చేసే మునసబు మా తాతయ్య, పొలాల లెక్కలు రాసే కరణంగారు మా ఎదురింటాయన. ఇద్దరికీ ఆ ఉద్యోగాలు తండ్రుల నుంచి వచ్చినవే. అయినా తాసీల్దారుగారు ఊళ్లోకి వస్తే చావిట్లో ఆయన పక్కన కుర్చీ కరణంగారికే పడేది. లెక్కలు చదివి వినిపించాలి కదా! మా తాతయ్యేమో పత్తి చేలల్లోంచి రైతులను పిలిపిస్తూ ఎండలో నిలబడేవాడు.

అది చూస్తే నాకు కడుపు మండిపోయేది. దానికి తోడు కరణంగారి మనవరాలు నా క్లాసే. బడి వెనక మేం జమాబందీ ఆట ఆడేవాళ్లం. జమాబందీ అంటే ఏటా ఊరి లెక్కలన్నీ పై అధికారి తనిఖీ చేసే రోజు. అజమాయిషీ, బంజరు, పోరంబోకు అంటూ ఇంట్లో విన్న మాటలన్నీ ఆ పిల్ల గడగడా అనేసేది. అర్థం తెలుసో లేదో గానీ, మిగతా పిల్లలు నోరెళ్లబెట్టి వినేవాళ్లు. తను దర్జాగా బండరాయి మీద కూర్చునేది. నేనెప్పుడూ రైతునే, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడాలి. ఆ మాటలు మా ఇంట్లో ఎందుకు పుట్టలేదా అని కుళ్లుకునేదాన్ని. ఒక్కసారి ఆ రాయి మీద కూర్చుంటే చాలనిపించేది.

మిరపకోతల రోజుల్లో ఒకనాడు రేడియోలో చెప్పారు, కరణాల, మునసబుల ఉద్యోగాలు రద్దయ్యాయని. మా ఇంట్లో అందరూ దిగాలుపడ్డారు. నాకు మాత్రం లోలోపల పండగే. మాకు పోతే పోయింది, వాళ్లకీ పోయిందిగా!

ఆ సాయంత్రం కరణంగారు మా ఇంటికి వచ్చారు, వెనకాలే మనవరాలు. మా వాకిట్లో కూలీలు మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు. నిన్నటిదాకా ఆయన్ని చూడగానే లేచి నిలబడినవాళ్లే. ఆ రోజు ఒక్కరూ తలెత్తలేదు. ఆయన కండువా సర్దుకుంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

మా తాతయ్య తన పడక్కుర్చీలోంచి లేచాడు. అందులో మా నాన్న కూడా ఏనాడూ కూర్చోలేదు. తాతయ్య దాన్ని తనే ఈడ్చుకొచ్చి, తువ్వాలుతో టపటపా దులిపి, "రండి కరణంగారూ, కూర్చోండి" అన్నాడు. తను అరుగు మీద కూర్చున్నాడు. అది చూసి కూలీలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. కరణంగారు మెల్లగా వచ్చి కూర్చున్నారు. ఆ పిల్ల కుర్చీ వెనక నక్కి నిలబడింది.

వాళ్లు వెళ్లగానే నేను తాతయ్య మీద విరుచుకుపడ్డాను. "ఇప్పుడు కూడా ఆయనకేనా కుర్చీ?"

తాతయ్య నవ్వాడు. "ఇన్నాళ్లూ ఆయనకి కుర్చీ సర్కారేసిందే అమ్మా. అది చూసి నాకూ కుళ్లుగానే ఉండేదిలే. ఇవాళ మాత్రం నేనేశాను."

మర్నాడు ఆటలో ఆ పిల్ల రాయి దగ్గరకే రాలేదు. దూరంగా, నేను నిలబడే చోట నిలబడింది. ఎన్నాళ్లుగానో కోరుకున్న రాయి మీద నేను కూర్చున్నాను. ఒక్క నిమిషం కూడా కుదురుగా ఉండలేకపోయాను. పక్కకి జరిగి దాన్ని పిలిచాను.

నా కుళ్లుబుద్ధి ఈ వయసులోనూ పోలేదు. పెళ్లిళ్లలో పక్కావిడకి ముందు వరస దొరికితే చురుక్కుమంటుంది. కానీ ఎవరి కుర్చీ అయినా పోయిందని తెలిసి లోపల సంతోషం పుట్టబోతుంటే, తువ్వాలు దులిపిన ఆ చప్పుడు చెవిలో వినిపిస్తుంది. లేచి, నా కుర్చీ దులుపుతాను.