అమ్మకు పెట్టిన పత్యం

మా అమ్మను న్యుమోనియా చంపలేదు. ఆ తర్వాత పెట్టిన పత్యం చంపబోయింది. ఈ మాటంటే మా పెద్దమ్మ ఇప్పటికీ ముఖం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ.

అమ్మ రేపల్లె మార్కెట్లో చేపలమ్మేది. ఐసుతో నిండిన గంపని ఎవరి సాయమూ అడక్కుండా నెత్తికెత్తుకునేది. జ్వరం, ఆయాసం ముదిరితే తెనాలి ఆసుపత్రిలో చేర్చాం. ఆక్సిజన్ పెట్టి బతికించారు, దానికి దణ్ణం పెడతాను. మాట పెగలగానే అమ్మ అడిగింది ఒక్కటే, "మార్కెట్లో నా చోటు ఎవరికీ ఇవ్వలేదు కదే?" అని. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు తలెత్తకుండా "తేలికైన తిండి పెట్టండి, రెస్టు ఇవ్వండి" అన్నాడు. ఆ ముక్క పెద్దమ్మ చెవిన పడింది. ఇంకేముంది!

నా కాపురం బాపట్లలో. అందుకని పెద్దమ్మే అమ్మ దగ్గర ఉండిపోయింది. పొద్దున జావ, మధ్యాహ్నం చారన్నం, రాత్రికి బ్రెడ్డు. గుడ్డు వేడి, పప్పు వాతం, పెరుగు కఫం. బాలింతకి పాలు పడతాయని సొరచేప వండిపెట్టే ఇళ్లు మావి. జ్వరంపడి లేచిన మనిషికి మాత్రం నీచు తగలకూడదట. లంఖణం పరమౌషధమట! ఆ మాట పుట్టించినవాడు ఏనాడూ గంప మోసి ఉండడు. పైగా అమ్మను మంచం దిగనివ్వలేదు. నీళ్లు, అన్నం, అన్నీ మంచం దగ్గరికే. ప్రేమే, కాదనను. ఆ ప్రేమ తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

నెల తిరిగాక నేను వెళ్లేసరికి అమ్మకి పిక్కలు లేవు. చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. "లేమ్మా" అంటే మంచం పట్టె పట్టుకుని సగం లేచి కూలబడింది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

మళ్లీ తెనాలి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రేని లైటుకి పెట్టి "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా" అన్నాడు.

"మనిషి లేవలేకపోతోందండి."

"వయసు కదమ్మా."

"జబ్బుకి ముందూ ఇదే వయసండి! గంప మోసేదండి!"

గొంతు తగ్గించమంది నర్సు. తగ్గించలేదు. అప్పుడు లేచొచ్చి, అమ్మ తొడ పట్టి చూశాడాయన. ఏం పెడుతున్నారని అడిగాడు. చెప్పాను. "కండంతా కరిగిపోయిందమ్మా. కొంత జబ్బు తినేసింది, కొంత పడక, మిగతాది మీ పత్యం. గుడ్డు, పప్పు, చేప పెట్టండి. రోజూ లేపి నిలబెట్టండి" అన్నాడు. ఆ మాట మొదటే చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా?

ఇంటికి రాగానే చందువా చేప పులుసు పెట్టాను. పెద్దమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నీచు పెట్టి నీ చేత్తో నువ్వే చంపుకుంటావటే?"

"నువ్వు పస్తు పెట్టి చంపిందానికంటేనా?"

పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు జాలి వెయ్యలేదు. ఆ ఉక్రోషంలో పెద్దమ్మే నోరు జారింది. "ఇంకా మార్కెట్టుకి పోద్దనుకుంటున్నావా ఇది? దీని చోటు ఎదురు కొట్టు ఆమెకి ఇచ్చేశాను!"

అమ్మ విన్నది. మంచం పట్టె పట్టుకుని లేవబోయింది. కాళ్లు వణికాయి. పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. లేవలేక కూలబడి, ఆయాసం తీరేదాకా నేల చూస్తూ ఉంది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుంది.

"తోకముక్క కాదే, నడుంముక్క వెయ్యి" అంది నాతో. రెండు ముద్దలు మింగి, అక్కవైపు చూడకుండానే అంది.

"రేపు నువ్వే వెళ్లి ఆమెకి చెప్పు అక్కా. రావడానికి టైం పడుద్దని చెప్పు. రానని మాత్రం చెప్పకు."