చిన్నమ్మ రిలీజ్ కోసం వెళ్ళిన మాజీ ఎంపీ

నిన్న మధ్యాహ్నం గ్రూప్‌లో వాయిస్ మెసేజ్. గ్రాహమ్ సార్ పోయారట. సాల్మియా ఫ్లాట్‌లో, నిద్రలోనే.

మళ్ళీ విన్నాను. నమ్మబుద్ధి కాలేదు.

ఆ షాక్‌లో ముందు వచ్చిన ఆలోచన ఒకటే. మా చిన్నమ్మ రిలీజ్ ఏమవుతుంది?

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సార్ ఒకప్పుడు బ్రిటన్‌లో ఎంపీ. ఎన్నికల్లో ఓడిపోయాక ఇక్కడ గల్ఫ్‌లో ఒక కంపెనీకి అడ్వైజర్‌గా వచ్చారు. శుక్రవారాలు మాత్రం మహబూలాలో మన టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ కష్టాలు అడిగేవారు. తన నియోజకవర్గంలో కూడా ఇలాగే కూర్చునేవారట.

నాకు నమ్మకం కుదరలేదు. మా కడప వైపు నాయకుడు ఊరికే కష్టం అడగడు.

"ఏం మే, ఈయప్ప ఓట్లకు గానీ వచ్చినాడా? ఈడ మనకు ఓటే లేదు గదా!" అంది చిన్నమ్మ.

అయినా పెద్దమనిషి దగ్గరికి ఉత్త చేతులతో పోకూడదని నిమ్మకాయ తీసుకెళ్ళి చేతిలో పెట్టింది. ఆయన థ్యాంక్స్ చెప్పి, కోయించి, టీలో పిండుకున్నారు.

చిన్నమ్మ ఒక ఇంట్లో పని చేస్తుంది. ఇంతకన్నా మంచి ఇల్లు దొరికింది. మారాలంటే ఇప్పటి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టాలి. అడిగినప్పుడల్లా రేపు, రేపు అంటాడు.

మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. అందుకే సార్‌తో మాట్లాడే పని నాది. ముందు ఫోన్‌లో ఆయన కెరీర్ అంతా వెతికాను. విదేశీ పనిమనుషులు తమను తెచ్చుకున్న యజమానిని వదిలి ఇంకోచోట చేరకూడదనే రూల్‌కు అనుకూలంగా అక్కడి పార్లమెంటులో ఆయన ఓటేశారు.

ముఖం మీదే అడిగాను.

"వేశాను. పార్టీ వేయమంది. అప్పటికి నేను ఒక్క పనిమనిషితో కూడా మాట్లాడలేదు," అన్నారు.

చిన్నమ్మకు తెలుగులో చెప్పాను.

"అట్లయితే మా కఫీల్ కాడికి ఈయప్పే పోవాల. ఇద్దురిదీ ఒకటే మాట గదా, బాగా కుదుర్తాది!"

అదీ ఇంగ్లీష్‌లో చెప్పేశాను. ఆయన నవ్వలేదు. వెళ్తానన్నారు.

తర్వాత ఎప్పుడు అడిగినా "ఇంకా కాలేదు" అనేవారు. అసలు వెళ్ళడమే లేదని నా అనుమానం. మాట ఇవ్వడం నాయకులకు ఎంతసేపు?

నిన్న సాయంత్రం చిన్నమ్మ ఫోన్ చేసింది.

"కఫీల్ పెండ్లాం మామా ఇప్పుడు చెప్పింది పాపా. ఆయప్ప వారం వారం వీళ్ళ దివానియా హాలుకు వచ్చి, మగోళ్ళ మధ్యన కూచ్చోని, చాయ్ తాగి, నా రిలీజ్ అడిగి పోతాండెనంట. కఫీల్ బాబా ఆదివారం సంతకం పెడతానన్నాడంట."

అడిగిన మనిషి లేడు. ఇచ్చిన మాట ఉంటుందా? సంతకం పడేదాకా నేను నమ్మను. ఆదివారం చిన్నమ్మతో నేనూ వెళ్తున్నాను.

సార్, మీరెందుకు వెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఓటు బరువు దించుకోవడానికా? పాత అలవాటా? మా చిన్నమ్మ కోసమా?

వెళ్ళారన్నది మాత్రం నిజం.

ఇక ఎవరి గడపా ఎక్కనక్కర్లేదు. నెమ్మదిగా పడుకోండి సార్.

మిగిలింది మేమే అడుగుతాం.